వినతిపత్రం రాయగల చేతులు

(కొండా లక్ష్మణ్ బాపూజీ స్మృతిలో సూరత్ తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

షిఫ్టు వదులుకొని వచ్చినవాళ్ళు ఈ సభలో చాలామందే ఉన్నారని తెలుసు. మీటరు లెక్కన కూలి తీసుకునే మనిషి ఒక పూట సాంచె, అంటే మరమగ్గం, ఆపుకొని వస్తే ఆ పూట కూలి పోయినట్టే. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

బాపూజీ జీవితం మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1915 సెప్టెంబరు 27న ఆసిఫాబాద్ దగ్గర వాంకిడిలో పుట్టారు. వకీలుగా, స్వాతంత్ర్య సమరయోధుడిగా, శాసనసభ్యుడిగా, మంత్రిగా ఎదిగారు. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదిలేశారు. 2012 సెప్టెంబరు 21న కన్నుమూశారు. అప్పటికి తెలంగాణ రాష్ట్రం రావడానికి ఇంకా రెండేళ్ళు కూడా లేవు. ఈ ఘట్టాలన్నీ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. అంతగా ఎక్కనిది, ఆయన చేనేత సహకార సంఘాల కోసం పడ్డ పాటు. ఈ రోజు నేను మాట్లాడదలచింది అక్కడి నుంచే మొదలవుతుంది.

సహకార సంఘం అనగానే మనకు నూలు, రిబేటు, బకాయిలు గుర్తొస్తాయి. కానీ ఆ సంఘం లోపల నేతగాడు నేర్చుకున్నది వేరే ఉంది. పద్దు రాయడం, రాసిన పద్దు నలుగురి ముందు చదవడం నేర్చుకున్నాడు. తీర్మానం ప్రతిపాదించడం, బలపరచడం, ఓటుకు పెట్టడం నేర్చుకున్నాడు. ఎన్నికలో ఓడిపోయినవాడు కూడా తెల్లారి అదే సంఘం గుమ్మం ముందు అదే నూలు కోసం నిలబడాలి. గెలిచినవాడు మొహం మాడ్చకుండా అతనికి నూలు ఇవ్వాలి. బడికి పోని మనిషికి కూడా ప్రజాజీవితం నేర్పిన బడి అది. సంఘాలు చాలాచోట్ల కూలిపోయాయి, కొన్నిటిని రాజకీయాలు మింగేశాయి. అయినా ఒక కులవృత్తిలో పుట్టినవాళ్ళను దఫ్తరు నడపగల మనుషులుగా తయారుచేసింది అవే.

ఆ బడి మనతోపాటు సూరత్‌కు రాలేదు. సాంచె పని వచ్చింది, బతుకమ్మ వచ్చింది, మార్కండేయ స్వామి వచ్చాడు. సంఘం నడిపే విద్య మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది. లింబాయత్‌లో, గోడాదరాలో, డిండోలీలో మనవాళ్ళు తరాలుగా ఉన్నారు. ఖాతాలో, అంటే సాంచెల కార్ఖానాలో, కూలికి చేరి, నాలుగు సాంచెలు కొని, ఆ తర్వాత సొంత ఖాతా పెట్టినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. అయినా ఈ ఊరి వ్యాపారం గురించి, ఈ ఊరి బాగోగుల గురించి నిర్ణయాలు జరిగే బల్ల దగ్గర మన కుర్చీ ఎక్కడ ఉంది? నా మాటంతా ఈ ప్రశ్న చుట్టే ఉంటుంది. డబ్బు ఉంటే కుర్చీ దానంతట అదే వస్తుందని చాలామంది అనుకుంటారు. సూరత్ చరిత్ర చదివితే అలా కనిపించదు. ఇక్కడ వ్యాపారుల మాట చెల్లింది వాళ్ళు కలిసి అడగడం నేర్చుకున్నందువల్ల, అడిగే మనుషుల్ని తరం తర్వాత తరం తయారుచేసుకున్నందువల్ల.

పాత సంగతి ఒకటి చెబుతాను. 1669వ సంవత్సరం, ఔరంగజేబు కాలం. సూరత్ అప్పుడు మొగలుల పెద్ద రేవు; హజ్ యాత్రికుల ఓడలు ఇక్కడి నుంచే కదిలేవి. ఊరి ఖాజీ మతం పేరు చెప్పి బనియా వ్యాపారులను వేధించాడు, బెదిరించి డబ్బు గుంజాడు. వాళ్ళలో ఒక గుమాస్తాను బలవంతంగా మతం మార్పించడంతో వాళ్ళ ఓపిక నశించింది. ఆ సెప్టెంబరులో ఎనిమిది వేల మంది బనియాలు దుకాణాలు మూసి, ఊరు విడిచి భరూచ్‌కు వెళ్ళిపోయారు. ఈ సంఖ్య ఇక్కడి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు రాసిన ఉత్తరాల్లో ఉంది. ముందు నిలిచినవాడు ఆ కంపెనీకే దళారిగా ఉన్న భీమ్‌జీ పారేఖ్. మహాజనం, అంటే వ్యాపారుల సంఘం, అనుమతి లేకుండా ఎవరూ దుకాణం తెరవకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. తెరిస్తే జరిమానా. టంకశాల, సుంకాల కచేరీ మూతపడ్డాయి. ఊళ్ళో సరుకు దొరకలేదు, అప్పు పుట్టలేదు. చక్రవర్తి దగ్గర నుంచి రక్షణ హామీ వచ్చాకే, డిసెంబరులో తిరిగొచ్చారు.

ఇందులో నన్ను ఆకట్టుకునేది వాళ్ళ ధైర్యం ఒక్కటే కాదు. మూడు నెలలపాటు ఎనిమిది వేల మందిని పరాయి ఊళ్ళో ఒక్క మాట మీద నిలబెట్టాలంటే ఎంత ఏర్పాటు కావాలి! తిండి ఎవరు చూశారు, వెనక ఉండిపోయిన ఆడవాళ్ళను, పిల్లలను ఎవరు కనిపెట్టుకున్నారు, భయపడి వెనక్కి పోదామన్నవాణ్ణి ఎవరు సముదాయించారు? ఇవన్నీ చేయగల మహాజనం అనే వ్యవస్థ అప్పటికే ఉంది. కోపం ఖాజీ పుట్టించాడు, దాన్ని నిలబెట్టింది మహాజనం. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలోనూ ఈ ఊరు అదే పని చేసింది. 1844లో ఉప్పు పన్ను పెంచితే తిరగబడింది, 1848లో బెంగాలు తూనికలు, కొలతలు రుద్దబోతే ఒప్పుకోలేదు. రెండుసార్లూ ప్రభుత్వమే తగ్గింది.

1940లో ఆ మహాజనం పని కొత్త రూపంలో మొదలైంది. దక్షిణ గుజరాత్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీ పుట్టింది. నాన్‌పురాలో మక్కాయి పూల్ దగ్గర 'సమృద్ధి' భవనం మీరు చూసే ఉంటారు. సర్సానాలో ప్రదర్శనలు జరిగే పెద్ద కన్వెన్షన్ సెంటర్ కూడా చాంబర్ కట్టిందే. యార్న్ ఎక్స్‌పోకు మనవాళ్ళు చాలామంది వెళ్ళొచ్చారు. ఆ భవనాల కన్నా విలువైనది అక్కడ ఒకటుంది. చాంబర్ అధ్యక్షుడి పదవి ఒక్క ఏడాదే. ఈ ఏడు ఉపాధ్యక్షుడిగా ఎన్నికైనవాడు వచ్చే ఏడు అధ్యక్షుడవుతాడు. అంటే కుర్చీ ఎక్కే ముందు ఏడాదిపాటు పక్కన కూర్చొని పని నేర్చుకుంటాడు. దిగిపోయినవాడు పూర్వాధ్యక్షుడిగా ఉంటాడు, అనుభవం బయటికి పోదు. మన సంఘాల్లో ఒకే మనిషి ఇరవై ఏళ్ళు అధ్యక్షుడిగా ఉండి, ఆయన పోయాక సంఘమూ పోవడం మీరు చూశారు, నేనూ చూశాను. ఆయన మంచివాడే కావచ్చు. మరొకరిని తయారుచేయలేదు, అంతే. కానీ ఆ ఒక్క లోపం ముందు ఆయన చేసిన మంచి అంతా నిలవకుండా పోతుంది.

చాంబర్ వంటి సంస్థలు ఏం చేస్తాయో చూడాలంటే జీఎస్టీ కథ చూడాలి. మీ కూలి మీద, మీ సాంచెల మీద నేరుగా పడ్డ కథ గనక కాస్త నెమ్మదిగా చెబుతాను.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఆ నెలలో రింగ్ రోడ్డు మార్కెట్లు మూతపడ్డాయి. లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. సూరత్ బట్ట వ్యాపారం అంత పెద్దయెత్తున రోడ్డెక్కడం అరుదు. సగం నెల దాటాక మార్కెట్లు తెరుచుకున్నాయి, పన్ను మాత్రం అలాగే ఉంది. అప్పుడు మొదలైంది అసలు పని. పాలిస్టర్ నూలు మీద మొదట 18 శాతం, ఆ అక్టోబరు నుంచి 12 శాతం. నేసిన బట్ట మీద 5 శాతం. లెక్క వేయండి. వంద రూపాయల నూలు కొంటే పన్ను 12 రూపాయలు కట్టాలి. ఆ నూలుతో నేసిన గ్రే బట్ట (రంగు వేయని బట్ట) 130 రూపాయలకు అమ్మితే వచ్చే పన్ను ఆరున్నర. ముందు కట్టిన పన్నెండులో ఆరున్నర సర్దుబాటు అవుతుంది. మిగతా ఐదున్నర? బట్టకు ఆ తేడా తిరిగి ఇవ్వకూడదని నియమం. అంటే వందకు ఐదున్నర రూపాయల చొప్పున చిన్న సాంచె యజమాని పెట్టుబడి ప్రభుత్వం దగ్గర ఇరుక్కుపోయింది. నూలు దగ్గర నుంచి చీర దాకా అన్నీ ఒకే కప్పు కింద చేసే పెద్ద మిల్లుకు ఈ బాధ తక్కువ. నూలు కొని నేసి అమ్మే నాలుగు సాంచెలవాడికి అది ఉరితాడు.

ఈ లెక్కను ఢిల్లీలో అధికారుల ముందు పెట్టడానికి గొంతు పెంచనక్కర్లేదు. ఒక కాగితం చాలు. కానీ ఆ కాగితం రాయడానికి పన్ను చట్టం తెలిసినవాడు కావాలి, సాంచె తెలిసినవాడు కావాలి, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. నేతగాళ్ళ సంఘాలు, ప్రాసెసర్ల సంఘాలు, వ్యాపారుల సమాఖ్య, చాంబర్ కలిసి ఈ లెక్కనే మళ్ళీ మళ్ళీ చెప్పాయి. 2018 ఆగస్టు 1 నుంచి తేడా తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నారు, కానీ అప్పటిదాకా పేరుకున్నది రద్దు అన్నారు. దాని మీద కోర్టుకు వెళితే 2019లో గుజరాత్ హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. 2021 నవంబరులో బట్ట మీద కూడా 12 శాతం చేస్తామన్నారు, కొత్త సంవత్సరం నుంచి అమలు. దేశమంతా అభ్యంతరాలు వెళ్ళాయి. డిసెంబరు 31న, అమలుకు సరిగ్గా ఒక్క రోజు ముందు, జీఎస్టీ కౌన్సిల్ దాన్ని ఆపింది. చివరికి 2025 సెప్టెంబరు 22 నుంచి నూలు కూడా 5 శాతానికి వచ్చింది.

ఎనిమిదేళ్ళు. ఈ ఎనిమిదేళ్ళలో చాంబర్‌కు ఎంతమంది అధ్యక్షులు మారారో ఊహించుకోండి. ఒకరు మొదలుపెట్టిన కాగితం ఇంకొకరు ముందుకు తీసుకెళ్ళారు. మనుషులు మారినా ఫైలు ఆగలేదు. బంద్ వల్ల ఊరి బాధ ఢిల్లీ చెవిన పడింది, లెక్క వల్ల పని జరిగింది. బంద్ వద్దనడం లేదు. బంద్ రోజు కూలి పోయేది మీకు, ఆ తర్వాత పన్ను తగ్గితే లాభం ముందు చేరేది సేఠ్‌కు. ఈ తేడా గుర్తు పెట్టుకొని బంద్‌లో చేరండి అంటున్నాను. అంతకంటే ముఖ్యంగా, ఆ లెక్క రాసే బల్ల దగ్గర మీటరు కూలి లెక్క కూడా తెలిసినవాడు ఒకడు ఉండాలి అంటున్నాను.

ఎందుకంటే పరిశ్రమ గొంతు ఒక్కటి కాదు. నూలు తయారుచేసే పెద్ద కంపెనీలకు దిగుమతి నూలు మీద అదనపు సుంకం కావాలి. నేసేవాడికి ఆ సుంకం వద్దు. ఇద్దరూ దేశం పేరే చెబుతారు. ఎవరి కాగితం బలంగా ఉంటే వాళ్ళ మాటే దేశం మాట అవుతుంది. కాగితం లేనివాడి మాట ఎవరి లెక్కలోకీ రాదు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదని మన పెద్దలు అన్నారు. ఎలా అడగాలో తెలియనివాడు అన్నం వండిన ఇంట్లో కూడా పస్తుంటాడు.

ఇక వ్యాపారం పక్కన పెట్టి ఊరి మాట మాట్లాడుకుందాం. ఈ రెంటినీ విడదీయలేం, సూరత్ ఆ పాఠం చాలా బాధపడి నేర్చుకుంది.

1994 సెప్టెంబరు. ప్లేగు వార్త. లక్షల మంది రైళ్ళు, బస్సులు పట్టుకొని పారిపోయారు. వరంగల్, కరీంనగర్ వైపు బండెక్కిన మనవాళ్ళ ఇళ్ళల్లో ఆ రోజులు ఇంకా తలుచుకుంటారు. ఖాతాలు బోసిపోయాయి. దేశం నుంచి వెళ్ళే సరుకును, విమానాలను కూడా ఇతర దేశాలు అనుమానంగా చూశాయి. అప్పటికే సంపన్నమైన ఊరు ఇది. వజ్రాలు సానబెట్టే ఊరు, దేశానికి చీరలు ఇచ్చే ఊరు. ఇంత డబ్బున్న ఊళ్ళో మోరీలు నిండి, చెత్త కుప్పలు పడి ఉంటే ఆ డబ్బంతా ఒక్క వారంలో ఎందుకూ కొరగాకుండా పోయింది.

మరుసటి ఏడాది మే నెలలో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన మనిషి మన తెలుగువాడే, ఎస్.ఆర్. రావు. సూర్యదేవర రామచంద్రరావు, గుజరాత్ క్యాడర్ ఐఏఎస్. ఆయన పేరు చెప్పగానే మనకు గర్వం కలుగుతుంది, కలగాలి కూడా. కానీ ఆయన చేసిన పని వివరంగా చూస్తే గర్వం కంటే ఎక్కువ ఉపయోగం. ఊరిని ఆరు జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్‌కు ఒక కమిషనర్‌ను పెట్టి, తన అధికారాలే వాళ్ళకు పంచాడు. డబ్బు ఖర్చు పెట్టే అధికారం కూడా ఇచ్చాడు. ప్రతి ఉదయం ఇంజనీర్లు, వైద్యాధికారులు, జోనల్ కమిషనర్లు ఆఫీసులో కాకుండా వీధుల్లో ఉండాలి. ఏసీ నుంచి డీసీకి రావాలి అనేవాడు. చల్లని గదిలోంచి రోజువారీ పనుల్లోకి. మధ్యాహ్నం అందరూ కూర్చుంటారు, పొద్దున చూసినదాని మీద నిర్ణయం అక్కడే. రాత్రిపూట రోడ్లు ఊడవడం మొదలైంది. అక్రమ కట్టడాలు కూల్చేటప్పుడు పెద్దవాళ్ళవి వదిలి గుడిసెల మీద పడలేదు. శుభ్రత లేని హోటళ్ళు మూయించాడు, పేరున్న హోటళ్ళను కూడా. 1996లో ఇన్‌టాక్ సంస్థ దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా సూరత్‌ను గుర్తించింది, చండీగఢ్ తర్వాత. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆయన ఇక్కడ ఉన్నది రెండున్నరేళ్ళే. ఆయన వెళ్ళిపోయాక ఊరు మళ్ళీ పాత తీరుకు జారి ఉండవచ్చు, ఎన్నో ఊళ్ళు అలా జారాయి. సూరత్ జారలేదు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి దేశంలో మొదటి స్థానం వచ్చింది, ఫలితం 2024 జనవరిలో ప్రకటించారు. ఇన్నేళ్ళు ఆ పద్ధతి నిలవడానికి తర్వాత వచ్చిన కమిషనర్లు కారణం, తెల్లవారకముందే చీపురు పట్టే పారిశుధ్య కార్మికులు కారణం. ఊరి వ్యాపారులు కూడా ఒక కారణం. మురికి ఊరికి కొనుగోలుదారు రాడని వాళ్ళకు ప్లేగు చెప్పింది. అప్పటి నుంచి పన్ను తగ్గించమని అడిగిన నోటితోనే మోరీ బాగుచేయమని కూడా అడగడం నేర్చుకున్నారు.

ఇంకో దెబ్బ 2006 ఆగస్టులో. ఉకాయి డ్యాం నుంచి తాపీ నదిలోకి సుమారు తొమ్మిది లక్షల క్యూసెక్కుల నీళ్ళు వదిలారు. ఊరిలో ఎక్కువ భాగం మునిగింది. ఆ తర్వాత రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో ఆసియా నగరాల వాతావరణ కార్యక్రమంలో సూరత్ చేరింది. డ్యాం మీద, పైన కురిసే వానల మీద నిఘా పెట్టి ముందే హెచ్చరించే ఏర్పాటు వచ్చింది. తర్వాత ప్రపంచంలో వంద నగరాల కార్యక్రమానికి సూరత్ ఎంపికైనప్పుడు, విపత్తులను తట్టుకునే ఊరి శక్తిని పెంచే బాధ్యత ఎవరికి ఇచ్చారో తెలుసా? చాంబర్ పూర్వాధ్యక్షుడు కమలేశ్ యాజ్ఞిక్‌కు. పన్నుల గురించి వినతిపత్రాలు ఇచ్చే సంస్థలో తర్ఫీదు పొందిన మనిషి వరద గురించి, నీటి గురించి, ఇళ్ళ గురించి ఊరంతటి తరఫున ఆలోచించే చోట కూర్చున్నాడు. అడగడం నేర్చుకున్నవాడు బాధ్యత మోయడం కూడా నేర్చుకున్నాడు. ఈ ఒక్క ఉదాహరణ కోసమైనా నేను సూరత్ చాంబర్‌ను మెచ్చుకుంటాను.

అమెరికాలో ఈ తర్ఫీదును ఒక పద్ధతిగా పెట్టుకున్న ఊళ్ళున్నాయి. అట్లాంటాలో 1969 నుంచి ఏటా ఈ తర్ఫీదు కోసం కొంతమందిని ఎంచుకుంటారు. వ్యాపారులు, ఉద్యోగులు, సేవాసంస్థలవాళ్ళు కలిసి నెలల తరబడి తమ ఊరి బడులను, ఆసుపత్రులను, న్యాయస్థానాలను చూస్తారు, వాదించుకుంటారు. ఎక్కడో పేదవాడ గురించి పేపర్లో చదవడం వేరు, ఆ వాడలో ఒక రోజు గడపడం వేరు.

చాంబర్‌ను మెచ్చుకున్నాను గనక ఇప్పుడు కటువుగా ఉండే మాట చెప్పే హక్కు నాకుంది. వ్యాపారం ఊరిని మరిచి అడిగినప్పుడు మనుషులు చచ్చిపోతారు. 2019 మే 24న సర్థానాలో తక్షశిల ఆర్కేడ్‌కు నిప్పంటుకొని 22 మంది పోయారు, పైఅంతస్తులోని కోచింగ్ క్లాసుకు వచ్చిన పిల్లలు. బిడ్డలు కిటికీల్లోంచి దూకడం దేశమంతా చూసింది. 2022 జనవరి 6న సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ రసాయన వ్యర్థాన్ని మోరీలో పారబోస్తే, ఆ విషవాయువుకు పక్కనున్న డైయింగ్ మిల్లులో ఆరుగురు కార్మికులు ప్రాణాలు విడిచారు. నిబంధనలు సడలించండి, తనిఖీలు తగ్గించండి అని అడిగే ప్రతి కాగితం వెనక ఈ పేర్లు రాసి ఉండాలని నా కోరిక. సాంచె కార్మికుడికి పన్నెండు గంటల షిఫ్టు, పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, హాజరు పట్టీలో పేరు లేదు. యజమానుల సంస్థలు యజమానుల మాట మాట్లాడటం సహజమే. కార్మికుడి మాట మాట్లాడే సంస్థకు అంత పట్టు, అంత కాగితం, అంత ఓపిక లేకపోవడమే ఈ ఊరి లోటు.

మనవాళ్ళ విషయం విచిత్రంగా ఉంటుంది. ఒకే ఇంట్లో పెద్దన్న నలభై సాంచెల యజమాని, చిన్నన్న పక్క ఖాతాలో కూలి. రెండు వైపుల బాధా ఒకే పళ్ళెం దగ్గర తెలిసిన సమాజం మనది. ఇంతకంటే మంచి మధ్యవర్తి ఎవరు దొరుకుతారు? పీఎఫ్ కడితే యజమానికి ఎంత పడుతుందో, కట్టకపోతే కార్మికుడి ముసలితనం ఏమవుతుందో రెండూ లెక్క వేసి చూపగలిగేది మనమే. కానీ ఆ పని మనం చేయలేదు.

ఉదాహరణకు, లింబాయత్‌లో మీఠీ ఖాడీ అనే వాగు సంగతి తీసుకుందాం. వానాకాలం గట్టిగా కురిస్తే ఖాడీ పొంగుతుంది, పర్వత్ గాం వైపు, లింబాయత్ వైపు ఇళ్ళల్లోకి నీళ్ళు వస్తాయి. అప్పుడు మనం ఏం చేస్తాం? ఫోన్లో వీడియో తీస్తాం, కార్పొరేటర్‌ను తిడతాం, నీళ్ళు తీశాక ఇల్లు కడుక్కుంటాం. మళ్ళీ ఏడాది. జోన్ ఆఫీసు కదిలేలా కాగితం రాయాలంటే ఏం కావాలో చెబుతాను. ఏ వీధిలో, ఏ తేదీన, ఎన్ని గంటలకు నీళ్ళు వచ్చాయి. గోడ మీద ఎంత ఎత్తు వరకు వచ్చాయో పెయింటుతో గీత, పక్కన తేదీ. ఎన్ని ఇళ్ళు, ఎన్ని ఖాతాలు, ఎన్ని మోటార్లు కాలిపోయాయి, ఎన్ని బీములు తడిసి పాడయ్యాయి. ఎన్ని రోజుల కూలి పోయింది. ఆ వారంలో జ్వరాలు ఎన్ని. ఏ కల్వర్టు దగ్గర చెత్త ఇరుక్కుంటుంది, ఎక్కడ ఖాడీ గట్టును ఆక్రమించారు. ఆ ఆక్రమణ మనవాళ్ళదైతే అది కూడా రాయాలి. మన తప్పు దాచిన కాగితానికి విలువ ఉండదు. మూడు వానాకాలాల లెక్క ఇలా ఉంటే, గుజరాతీలో రెండు పేజీలు రాసి ఇస్తే, ఆ కాగితాన్ని పక్కన పడేయడం ఏ అధికారికీ తేలిక కాదు. జీఎస్టీ కాగితానికీ ఈ కాగితానికీ తయారీలో తేడా ఏమీ లేదు.

ఈ లెక్క రాయవలసింది ఎక్కువగా ఆడవాళ్ళే. నీళ్ళు వచ్చినప్పుడు ఇంట్లో ఉండేది వాళ్ళు. ఇంటి దగ్గర దారాలు కత్తిరించి, చీరలకు రాళ్ళు అంటించి, లేసు కుట్టి, ముక్కకు ఇంత అని తీసుకొనేదీ వాళ్ళే. ఆ పని సూరత్ ఎంబ్రాయిడరీ చీరకు చివరి మెరుగు, లెక్కల్లో మాత్రం ఎక్కడా ఉండదు. మన సంఘాల వేదికల మీద దీపం వెలిగించడానికి వాళ్ళను పిలుస్తాం, పద్దు పుస్తకం మాత్రం చేతికివ్వం. ఇది మారకపోతే మిగతావేవీ మారవు, నా గట్టి నమ్మకం ఇది.

మనం అడగడానికి భయపడాల్సిన ఊరు కూడా కాదు ఇది. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు, తెలుగు మాధ్యమాల్లో బడులు నడుపుతోంది. మన పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పడానికి గుజరాత్‌లోని ఒక నగరపాలక సంస్థ ఖర్చు పెడుతోంది. ఇంత చోటు ఇచ్చిన ఊరికి మనం కూలితోపాటు ఆలోచన కూడా ఇవ్వాలి. ఆ బడుల్లో మధ్యలో ఆగకుండా పిల్లలు ఎంతవరకు చదువుతున్నారు, ఎనిమిది తర్వాత ఏ మాధ్యమానికి పోతున్నారు, ఎక్కడ మానేస్తున్నారు అన్నది మన సంఘాలు ఏటా రాసిపెట్టుకోవలసిన లెక్క.

తెలుగువాళ్ళకు పరాయి భాష ఊళ్ళో సంస్థ కట్టడం కొత్త కాదు. 1928లో మద్రాసులో ఆంధ్ర చాంబర్ ఆఫ్ కామర్స్ పెట్టుకున్నారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం లేదు. రాష్ట్రం వచ్చే దాకా ఆగుదాం అనుకోలేదు.

ఇంకో అవకాశం ఇప్పుడు గుమ్మంలోకి వచ్చింది. 2023 మార్చిలో కేంద్రం ఏడు పీఎం మిత్ర టెక్స్‌టైల్ పార్కులు ప్రకటించింది. ఒకటి వరంగల్‌లో, ఒకటి మనకు పక్కనే నవ్‌సారీలో. వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన చేసినప్పుడే, సూరత్‌కు, భివండీకి పోయిన మనవాళ్ళను తిరిగి రప్పించాలన్న మాట వినిపించింది. తిరిగి పోతారా లేదా అన్నది ఎవరి ఇంటి లెక్క వాళ్ళది. కానీ సూరత్ నేత కూడా, వరంగల్ మట్టి కూడా తెలిసిన మనుషులు ఈ రెండు పార్కుల మధ్య ఎవరున్నారు? గ్రే బట్ట ఎక్కడ నేస్తే లాభం, ప్రాసెసింగ్‌కు నీళ్ళెక్కడ, మురుగు శుద్ధి ఖర్చు ఎంత, అద్దె ఇళ్ళు లేకుండా కార్మికులు ఎక్కడ పడుకుంటారు? ఈ ప్రశ్నలకు రెండు ప్రభుత్వాలకూ జవాబు ఇవ్వగల సంఘం సూరత్‌లోనే పుట్టాలి. పార్కు మొదటి ప్లాన్‌లోనే కార్మికుల నివాసం, ఈఎస్ఐ ఆసుపత్రి ఉండేలా అడగాలి. గోడలు లేచాక అడిగితే జాగా లేదంటారు.

కాబట్టి ఈ సభ నిర్వాహకులను, వేర్వేరు పేర్లతో ఉన్న మన సంఘాల పెద్దలను నేను అడిగేది ఇది. ఈ దీపావళి తర్వాత పదిహేను మంది యువకులను, యువతులను ఎంచుకోండి. కనీసం సగం మంది ఆడపిల్లలు ఉండాలి. సాంచె మీద పనిచేసేవాళ్ళు, ఖాతా యజమానుల పిల్లలు, అకౌంట్లు చూసేవాళ్ళు కలిసి ఉండాలి. వాళ్ళను ఏడాదిపాటు తిప్పండి. జోన్ ఆఫీసుకు, కార్మిక శాఖ కార్యాలయానికి, చాంబర్‌కు, నీటిశుద్ధి కేంద్రానికి, ఆసుపత్రికి, కార్పొరేషన్ సర్వసభ్య సమావేశానికి. గుజరాతీలో రాయడం, లెక్కల పట్టిక కట్టడం నేర్పండి. మొదటి పనిగా మీఠీ ఖాడీ లెక్క అప్పగించండి. కార్పొరేషన్ బడ్జెట్ ముసాయిదా జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో బయటికొస్తుంది, అందుకని కాగితం డిసెంబరుకల్లా జోన్ ఆఫీసులో అంది, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఆ కాగితం మీద సంతకాలు సంఘాల అధ్యక్షులవి కాకుండా, లెక్క రాసినవాళ్ళవి ఉండాలి. జవాబు రాకపోతే మార్చిలో వాళ్ళే మళ్ళీ వెళ్ళాలి, కిందటి కాగితం నకలు చేతిలో పట్టుకొని.